సంగాలపల్లె కింది గుంత

మద్దిలేటి నిజమే చెప్పాడు. చెప్పినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు.

అబద్ధమాడినవాడికి నిద్ర పట్టలేదంటే అర్థముంది. రెండేళ్ళు ఎండనక వాననక తిరిగి, కొలిచి, లెక్కగట్టి, ఉన్నదున్నట్టు చెప్పిన తనకెందుకు పట్టదు? ఆదివారం పొద్దున పటం చుట్టి చంకన పెట్టుకుని గుట్ట ఎక్కుతున్నప్పుడు అతని మనసులో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

గుట్ట మీద జిందావలి తాత ఉంటాడు. అక్కడి చిన్న దర్గాను చూసుకునే ముజావరు ఆయనే, చుట్టుపక్కల ఊర్లకు హకీము. నాడి చూసి మందిస్తాడు. మద్దిలేటికి పదేళ్ళప్పుడు ఉబ్బసం వచ్చి ఊపిరాడకపోతే వాళ్ళమ్మ ఎత్తుకొచ్చి తాత ముందు పడుకోబెట్టింది. ఉబ్బసమైతే వదిలింది గానీ పిల్లవాడు గుట్టను వదల్లేదు. భూగర్భశాస్త్రం చదివి ఉద్యోగంలో చేరాక కూడా మనసు బాగాలేనప్పుడల్లా వచ్చి తాత పక్కన కూచునేవాడు. తాత ఏమీ బోధించేవాడు కాదు. ఆకులు నూరమనేవాడు, లేదంటే చీపురు చేతికిచ్చేవాడు. చుట్టుపక్కల జనం మాత్రం మద్దిలేటిని తాత శిష్యుడనే అనుకునేవారు.

తాత దగ్గర ఒక్కటే నియమం. గుట్ట ఎక్కి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, చెమట ఆరేదాకా బండ నీడలో చాప మీద కూచోవాలి. అంతవరకు ఆయన మణికట్టు తాకడు. ఒకసారి ఎమ్మెల్యే వచ్చి తనకు టైము లేదన్నాడట. "నాకుంది నాయనా," అని తాత ఆకులు నూరుకుంటూ ఉండిపోయాడట. కాసేపటికి ఎమ్మెల్యే కూడా చాప మీద చేరాడని చెప్పుకుంటారు.

మద్దిలేటి చంకలో ఉన్న పటం ఆషామాషీది కాదు. కొండకీ వాగుకీ మధ్యనున్న తొమ్మిదూర్ల నేల కింద, రాళ్ళ పగుళ్ళలో, నీళ్ళు ఎక్కడెంత లోతున ఉన్నాయో, ఎటు నడుస్తున్నాయో చూపే పటం. ఊరికొకటి చొప్పున, మోటారు తీసేసి మూత పెట్టిన పాత బోర్లను ఎంచుకున్నాడు. నెలకు రెండుసార్లు వాటి మూతలు తీసి టేపు దించేవాడు. టేపు చివర బోర్లించిన చిన్న ఇత్తడి గిన్నె ఉంటుంది. అది నీళ్ళను తాకగానే టప్పుమంటుంది. ఆ చప్పుడు వినబడిన చోట టేపు మీది అంకె చూసి రాసుకోవాలి. అట్లా రాసుకున్న అంకెల నుంచి గీతలు పుట్టాయి. గీతలన్నీ కొండ నుంచి వాగు వైపుకి దువ్విన జుట్టులా చక్కగా దిగాయి.

ఒక్క సంగాలపల్లె దగ్గర మాత్రం అవి గుండ్రంగా తిరిగి గుంతలో పడ్డాయి. మిగతా ఎనిమిదూర్లలో నూరు, నూటపది అడుగుల్లో దొరికిన నీళ్ళు అక్కడ నూటడెబ్బై అడుగులకు గానీ దొరకలేదు. ఆ గుంతను కనిపెట్టిన రోజు మద్దిలేటికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కంటికి కనబడని దాన్ని తాను చూశాడు. దానికి ఎర్రరంగు వేసి, పటాన్ని దూరంగా పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. బుధవారం ఆ పటాన్ని మండలాఫీసులో పెట్టి, ఏ ఊర్లో ఎంత సాగు చేయాలో, ఎన్ని బోర్లుండాలో అందరూ కలిసి తేల్చుకోబోతున్నారు.

ఈలోగా మంచి చెబుదామని అతనే, చీనీ అనే బత్తాయి తోటల మీదే బతికే సంగాలపల్లెకు పోయి ఊరందరినీ కూచోబెట్టి చెప్పాడు. "మీ ఊరి కింద నీళ్ళు అయిపోతున్నాయి. చీనీ తోటలు మీ తాగునీళ్ళు తాగేస్తున్నాయి. చెట్లా, ఊరా, మీరే తేల్చుకోండి."

ఊరు గొడవ చేస్తుందనుకున్నాడు. ఒక్కరూ నోరెత్తలేదు. అదే అతన్ని తినేస్తున్నది.

సగం మెట్లు ఎక్కేసరికి ముందు ఒకామె మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ కనిపించింది. సంగాలపల్లె వార్డు మెంబరు కదిరక్క. మోకాళ్ళనొప్పులకు మందు తీసుకుందామని వస్తోంది.

"నువ్వా నాయనా," అంది ఆమె నవ్వుతూ. "రేపు పొద్దున కొట్టేస్తాండాం."

"ఏంటక్కా కొట్టేది?"

"నా చీనీ చెట్లు. నూటా నలభై. ఆరుమంది మనుషుల్ని మాట్లాడినా. మొదట నావి కొడితే కదా మిగిలినోళ్ళు కొడతారు. మెంబరును గదా, నేనే ఎనక్కి జరిగితే ఎట్ల?"

మద్దిలేటి ఆమె పక్కనే మెట్టు మీద ఆగాడు. "ఎన్నేళ్ళ చెట్లక్కా?"

"పదకొండు. మా ఆయన సచ్చిపోయిన యాడాది నీళ్ళు బిందెలతో మోసి బతికించుకున్న్యా." ఆమె మెట్టు మీద కూచుని ఊపిరి తీసుకుంది.

"నా మీద కోపం లేదా అక్కా?"

"ఏంటికి కోపం? నేల కింద ఉండేది మాకు యాడ కనపడేది? నువ్వు చదువుకున్నోడివి, సూసి చెప్పినావు. చెప్పకపోతే రేప్పొద్దున మా పిల్లోళ్ళు తాగేకి నీళ్ళు లేక ఊరిడిసి పోవల్ల. నువ్వు సల్లగుండాల నాయనా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ దీవెన మద్దిలేటి తట్టుకోలేకపోయాడు. ఏదో గొణిగి, మిగిలిన మెట్లన్నీ పరుగున ఎక్కేశాడు. పైకి చేరేసరికి గుండె నోట్లోకొచ్చినట్టయింది.

తాత బండ నీడలో ఆకులు నూరుతున్నాడు. చాప మీద నలుగురైదుగురు చెమట ఆరబెట్టుకుంటున్నారు.

"తాతా," అన్నాడు మద్దిలేటి రొప్పుతూ. "నిజం చెప్పినోనికి నిద్ర ఏంటికి పట్టదు?"

తాత నూరడం ఆపాడు. పటం వైపు చెయ్యి చాచాడు. మద్దిలేటి దాన్ని బండ మీద పరిచాడు. తాత చాలాసేపు చూసి, ఎర్రమచ్చ మీద వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"సంగాలపల్లె. నీళ్ళు అయిపోతాండే చోటు తాతా. నేలకింద గుంత పడింది."

తాత ఆకు పసరంటిన చేతిని పంచెకు తుడుచుకుని, మద్దిలేటిని చాప మీద కూచోమనకుండానే, నిలబెట్టే మణికట్టు పట్టుకున్నాడు. చాప మీది వాళ్ళు తలలెత్తి చూశారు. ముప్పై ఏళ్ళలో ఆయన అట్లా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

తాత కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి పెద్దగా నిట్టూర్చాడు.

"పిలగాని పని అయిపోయింది," అన్నాడు చాప మీది వాళ్ళతో. "నాడి దౌడు తీస్తాంది. ఉగాది దాకా ఉంటే గొప్ప. వాళ్ళమ్మకు కబురు చేయండప్పా."

చాప మీద ఒక ముసలాయన అయ్యయ్యో అన్నాడు. అప్పుడే పైకి చేరిన కదిరక్క గుండెల మీద చెయ్యి వేసుకుని అట్లాగే నిలబడిపోయింది.

మద్దిలేటికి ఒళ్ళు మండింది. "ఏం మాటలు తాతా అవి! ఇప్పుడే గదా మెట్లన్నీ పరుగెత్తి వచ్చినా! ఎవరి నాడైనా అట్లనే కొట్టుకుంటుంది. నన్ను కుదురుగా కూచోబెట్టి చూస్తే గదా తెలిసేది!"

"అట్లనా," అన్నాడు తాత. చెయ్యి వదిలేశాడు. "నువ్వు కూచో తల్లీ, చెమట ఆరనీ," అని కదిరక్కతో చెప్పి మళ్ళీ ఆకుల దగ్గరికి పోయాడు.

మద్దిలేటి కోపంగా పటం చుట్టబోయాడు. చుట్టేవాడల్లా ఆగిపోయాడు. సంచిలోంచి కొలతల పుస్తకం తీశాడు. అందులో ప్రతి కొలత పక్కనా టైము రాసే అలవాటు అతనిది. రెండేళ్ళుగా రాశాడు. ఒక్కనాడూ ఆ వరుసను కిందికి చదివిన పాపాన పోలేదు.

ఇప్పుడు చదివాడు. మొదటి ఊరు ఐదున్నర. రెండో ఊరు ఆరు. ఎనిమిదో ఊరు ఎనిమిదిన్నర. ఎనిమిదో ఊర్లో సెంటరు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి. అక్కడ తిని, టీ తాగి, నలుగురితో నాలుగు మాటలాడి, వాగు దాటేసరికి సంగాలపల్లె ప్రతిసారీ పదకొండో, పదకొండున్నరో అవుతుంది.

తొమ్మిదింటికి త్రీఫేజు కరెంటు వస్తుంది. రైతులందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఎవరూ పోయి నొక్కే పని లేకుండా లోయలో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి.

మద్దిలేటి ఆ వరుసను మళ్ళీ పైనుంచి చదివాడు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "దానికి మోటారే లేదు గదా తాతా," అన్నాడు. "నేను కొలిచిన బోరుకు మోటారు తీసేసి నాలుగేండ్లయింది. దగ్గర్లో ఇంకోటి కూడా లేదు."

తాత నూరుతూనే ఉన్నాడు. "నువ్వు పరుగెత్తింది కాళ్ళతో," అన్నాడు. "నేను పట్టుకున్నది చెయ్యి."

మద్దిలేటి పుస్తకం మూశాడు. పోయి కదిరక్క ముందు గొంతుక్కూచున్నాడు. "అక్కా, రేపు ఒక్కపూట ఆగు."

"మనుషులొస్తారే నాయనా."

"రానీ. కరెంటు రాకముందే నేను వస్తా. నేను చూసినాంక నువ్వు ఏమన్నా చెయ్యి."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అయినా సరేనంది. 'చదువుకున్నోడు' అని అప్పుడు అననందుకు మద్దిలేటి లోపల్లోపల దండం పెట్టుకున్నాడు.

మర్నాడు ఆరింటికి సంగాలపల్లె బోరు దగ్గర ఇరవైమంది దాకా చేరారు. ఆరుమంది కూలీలు గొడ్డళ్ళు నేలకు ఆనించి నిలబడ్డారు. అంతలో పాలక్యాన్ల ఆటో ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి క్యాన్ల మధ్య ఇరుక్కున్న జిందావలి తాత నడుం పట్టుకుని దిగాడు. "రోడ్డా ఇది! మందిచ్చే నాకే మందు కావల్ల," అని తిట్టుకుంటూ కంపచెట్టు నీడలో చతికిలబడ్డాడు.

మద్దిలేటి మూత తీసి టేపు దించాడు. తొంభై అడుగులు. నూరు. నూటపది. నూటపన్నెండు దగ్గర, ఎక్కడో పాతాళంలో, టప్పుమంది.

అతను నమ్మలేదు. పైకి లాగి మళ్ళీ దించాడు. మళ్ళీ అక్కడే. రెండేళ్ళుగా నూటడెబ్బై రాసిన చోట నూటపన్నెండు. పక్క ఊర్లలో ఎంతో ఇక్కడా అంతే. గుంత లేదు. ఆ ఊరి కింద ఎప్పుడూ ఏ గుంతా లేదు.

"తప్పు నాది," అన్నాడు అందరి వైపూ తిరిగి. "మిగతా ఊర్లలో నీళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడు కొలిచినా. మీ ఊర్లో మోటార్లన్నీ పీకుతాండేటప్పుడు కొలిచినా. నేను ఉగ్గాని తిని నిదానంగా వస్తాంటి."

కదిరక్క అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నీ ఉగ్గాని బంగారం గాను," అంది. "నూటా నలభై చెట్లు నాయనా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మద్దిలేటి తల దించుకున్నాడు.

అతను అక్కణ్ణుంచి పారిపోయి ఉండవచ్చు. పోలేదు. తొమ్మిదింటిదాకా టేపు పట్టుకుని అక్కడే కూచున్నాడు. గిన్నెను నీళ్ళకు తగిలీ తగలనట్టు వేలాడదీసి, చిన్నగా ఆడిస్తూ ఆ చప్పుడు వింటున్నాడు. టప్, టప్, టప్.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. చేలల్లో నాలుగు దిక్కులా స్టార్టర్లు టకటకమన్నాయి. మోటార్లు లేచాయి. అన్నిటికన్నా దగ్గరి మోటారు కదిరక్క తోటలోది, నాలుగువందల గజాల దూరం.

పది నిమిషాలు గడిచాయి. గిన్నె ఆడింది గానీ చప్పుడు రాలేదు.

మద్దిలేటి జానెడు టేపు వదిలాడు. టప్పుమంది. ఇంకాసేపటికి మళ్ళీ చప్పుడు పోయింది. ఇంకో జానెడు వదిలాడు. ఎవరూ ముట్టుకోని, ఏ తీగా లేని, నాలుగేళ్ళుగా మూతపడి ఉన్న బోరులో నీళ్ళు దిగిపోతున్నాయి. పుస్తకాల్లో ఈ సంగతి అతను చదవలేదా అంటే చదివాడు, పరీక్షల్లో రాసి మార్కులూ తెచ్చుకున్నాడు. కానీ ఇట్లా తన రెండు వేళ్ళ మధ్య అది జరగడం ఇదే మొదలు.

"అక్కా, చెవి పెట్టు," అన్నాడు.

కదిరక్క మోకాళ్ళ నొప్పిని కూడా మరిచి నేలమీద వంగి పైపుకు చెవి ఆనించింది. ఆమె తర్వాత ఒక్కొక్కరూ వంగారు. గొడ్డళ్ళ వాళ్ళు కూడా గొడ్డళ్ళు పక్కన పడేసి వచ్చి చెవులు పెట్టారు. విన్నవాళ్ళు లేచి పక్కకు జరిగారు. కాళ్ళకింద ఉన్నదాన్ని లేపుతామేమోనన్నట్టు మెల్లగా నడిచారు.

"నా మోటారేనా ఇట్ల గుంజేది?" అంది కదిరక్క. జవాబు కోసం చూడకుండా కుంటుకుంటూ తోటలోకి పోయి తన మోటారు ఆపేసి వచ్చింది. ఎండలో ఆకులు వడలిన చెట్ల మధ్య కాలవ ఆగిపోయింది.

నీళ్ళు దిగడం కొంచెం నెమ్మదించింది. ఆగలేదు.

పక్కచేను రైతు పోయి తనది ఆపాడు. ఇంకొకతను పోయాడు. ఇంకొకతను ఇంట్లో వాళ్ళకు ఫోను చేశాడు. గంటలో ఊర్లోని నలభై ఆరు మోటార్లూ ఆగాయి. ఏ ఒక్కరినీ ఆపమని ఎవరూ అడగలేదు. ఊరంతా నిశ్శబ్దమైంది. గువ్వల కూతలు కూడా వినబడుతున్నాయి.

మద్దిలేటి టేపు చూశాడు. నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. గంటకు నాలుగువేళ్ళ మందమే గానీ, దిగుతున్నాయి.

"ఇంక మా ఊర్లో ఒక్క మోటారు కూడా లేదే," అన్నారెవరో భయంగా.

మద్దిలేటి పటం తీసి నేలమీద పరిచాడు. వాగు దగ్గర తాను లావు గీత గీశాడు. సంగాలపల్లె అక్కడికి అయిపోయి బొమ్మిరెడ్డిపల్లె మొదలవుతుందని ఆ గీత చెబుతోంది. పైన అది నిజమే. పట్టాదారు పుస్తకాల్లోనూ నిజమే. అతను ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు.

కదిరక్క కూడా చూసింది. ఆమెకు పటం చదవడం రాదు. వాగు ఎక్కడుందో మాత్రం తెలిసింది. ఫోను తీసి బొమ్మిరెడ్డిపల్లెలో ఉన్న వదినకు చేసింది.

"వదినా, మీ మోటార్లు కాసేపు ఆపుతారా? మీవీ, మీ పక్కోళ్ళవీ, ఎన్నయితే అన్ని. ... లే, ఏం గొడవ ల్యా. నీకు ఎట్ల చెప్పాల్నో తెలీడంలే. సాయంత్రం రా, చెవి పెట్టి ఇందువు. ఇప్పుడైతే ఆపు."

అందరూ నేలమీదే కూచున్నారు. వాగు అవతల ఎక్కడో, కంటికి ఆననంత దూరంలో, ఒక ఆడమనిషి పొలం గట్టు మీద నడిచి వెళ్ళి పెట్టె తెరిచి మోటారు ఆపుతుంటుంది. ఆమె ఇంకో ఇంటికి పోయి చెబుతుంటుంది. మద్దిలేటి అదంతా ఊహించుకుంటూ గిన్నెను ఆడిస్తున్నాడు. అరగంట దాటింది. ముప్పావుగంట దాటింది.

టప్పుమంది.

అతను టేపు వదల్లేదు. ఉన్నచోటే ఉంచాడు. దిగే నీళ్ళయితే ఈపాటికి చప్పుడు పోవాలి. పోలేదు. ఇంకాసేపటికి గిన్నె నీళ్ళలో మునిగి తేలిపోయి, టేపు వేళ్ళ మధ్య వదులైంది. అతను వేలెడు పైకి లాగాడు. మళ్ళీ టప్పుమంది. కొంతసేపటికి ఇంకో వేలెడు లాగాల్సొచ్చింది.

గొడ్డళ్ళ వాళ్ళలో పెద్దవాడు లేచాడు. "అక్కా, చెట్లకాడికి పోదామా?"

కదిరక్క అతన్ని చూసింది, తోటను చూసింది. "పోయి రాండప్పా," అంది. "ఈ పొద్దు పని ల్యా. తొమ్మిదూర్లోళ్ళమూ కూచోని మాట్లాడుకునే పని ఉండాది. బుధవారం నేను పోయి చెప్తా."

ఆమె వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది.

తాత కంపచెట్టు నీడ నుంచి లేచి, కట్టె ఊతంగా వచ్చి మద్దిలేటి పక్కన కూచున్నాడు. తలగుడ్డ తీసి పక్కన పెట్టి, పైపుకు చెవి ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఆయన ముడతల చెంప మీద నీళ్ళు జారుతున్నాయి. తుడుచుకోలేదు.

మద్దిలేటి ఏదో చెప్పాలి, క్షమాపణో, దండమో. పటం ఏం చేయాలో అడగాలి. ఇంతకాలం తానేదో చూశాననుకున్న సంగతి ఒప్పుకోవాలి.

"తాతా, నేను ఇన్నాళ్ళూ..."

"మాట్లాడొద్దు నాయనా," అన్నాడు తాత, పైపు మీంచి చెవి తీయకుండానే. "వస్తాండాయి."